చైనా పిల్లల మాట తూచే విధానం

ముందు ఒక ఇంగ్లీషు పరీక్ష సంపాదించి, చైనీసులోకి మక్కీకి మక్కీ దించెయ్యండి. బీజింగ్‌లో పిల్లల్ని పోగేసి, ఏ వయసుకు ఏ మాట వస్తుందో తేల్చుకోవడం తీరికున్నవాళ్ళ పని.

పిల్లల భాషను పరిశోధించిన జీన్ బెర్కో 1958లో వాడిన, పిట్టలాంటి కల్పిత జంతువు బొమ్మ తప్పక ఉండాలి. ఒకటి చూపించి ‘ఇది వగ్’ అనండి. రెండు చూపించి ‘మరి ఇవి?’ అనండి. అమెరికా పిల్లయితే ‘వగ్జ్’ అంటుంది. మీ ముందున్న నాలుగేళ్ళ పిల్ల ‘ల్యాంగ్ జీ వగ్’ అంటుంది. బహువచనం లేదు! సున్నా వెయ్యండి. అంకె రెండుకు ‘అర్’ అనాలనీ, దేన్నైనా లెక్కపెట్టేటప్పుడు ‘ల్యాంగ్’ అనాలనీ ఆ పిల్లకు తెలుసు. అంకెకూ పేరుకూ మధ్య పిట్టలకూ పిల్లులకూ ‘జీ’, చేపలకూ నదులకూ ‘త్యావ్’, పుస్తకాలకు ‘బెన్’ చేర్చాలి. జన్మలో చూడని జంతువుక్కూడా తగినదే ఏరుకుంది. అయితేనేం, మీ ఫారంలో దానికి గడి లేదు. మనమూ మనుషులైతే ఇద్దరు, మేకలైతే రెండు అంటాం కదా అని మెత్తబడకండి.

చైనీసులో నిన్న తిన్నా, రేపు తిన్నా క్రియ మారదు, ‘చ్ఛి’ అనే అంటారు. కాబట్టి పిల్లకు కాలజ్ఞానం లేదని రాసుకోండి.

పదాలు లెక్కపెట్టేటప్పుడు నామవాచకాలు చాలు. మాండరిన్ పిల్లల తొలి మాటల్లో క్రియలు దండిగా ఉంటాయని పరిశోధకురాలు ట్విలా టార్డిఫ్ 1996లోనే చూపించారు. చూపిస్తే చూపించారు. చేతులు చాచి ‘బావ్’ అనే పసివాడు ఎత్తుకోమని పని చెబుతున్నాడే గానీ, మాట్లాడుతున్నాడా?

స్వరాల జోలికి పోకండి. ‘మా’ అంటే స్వరాన్నిబట్టి అమ్మ, జనుము, గుర్రం, తిట్టడం. మీరు అమ్మను చూపించమంటే పిల్లవాడు గుర్రాన్ని తాకాడా? తప్పు ముమ్మాటికీ వాడి చెవిదే.

చెంగ్డులో అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లలు మీకు బంగారు గనులు. అక్కడి యాసలో దక్షిణమూ ‘లాన్’, నీలమూ ‘లాన్’. నాలుగుకూ ‘సి’, అవునుకూ ‘సి’. వెంటనే ఉచ్చారణ దోషమని రాసి, వారానికి రెండు రోజులు థెరపీకి రమ్మనండి. అమ్మమ్మను మాత్రం గది బయటే కూర్చోబెట్టండి. ఆవిడ నోరు తెరిచిందంటే ఆవిడక్కూడా చీటీ రాయాలి, ఆనక వీధి మొత్తానికి రాయాలి.