పాపం, మగవారి మూడ్!

2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. శభాష్! అంతకు ఏడాది ముందు, ఇదే రంగారెడ్డి జిల్లాలో, ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు కు.ని. ఆపరేషన్లు చేసేశారు. నలుగురు చచ్చిపోయారు. ఇన్‌ఫెక్షనట! మూడేళ్లలో ఇలాంటి క్యాంపులు బంద్ పెట్టమని సుప్రీంకోర్టు చెప్పింది 2016లో. సర్కారు క్యాలెండర్‌లో ఆ మూడేళ్లు ఇంకా నడుస్తున్నాయి కాబోలు.

ఔటర్ రింగ్ రోడ్డెక్కి ఇటు తిరిగితే పటాన్‌చెరు. 1985లో అక్కడి ఆడవాళ్ల మీద నెట్-ఎన్ అనే కొత్త గర్భనిరోధక ఇంజెక్షన్ పరీక్షకు దిగారు. ఇది ప్రయోగమమ్మా, ఈ ఈ ఇబ్బందులు రావచ్చమ్మా అని విడమరిచి చెప్పిన నాథుడు లేడు. హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో సుప్రీంకోర్టు గడప తొక్కింది.

మరి మగవారి సంగతో? ప్రపంచ ఆరోగ్య సంస్థ అండతో ఏడు దేశాల్లో 320 మంది మగవాళ్లకు హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. మందు పనిచేసింది. కానీ మొటిమలొచ్చాయి. మూడ్ పాడైంది. కొందరు కుంగిపోయారు. 2011లో ఆపేశారు. జాగ్రత్త మంచిదే, కాదనం. ఆ జాగ్రత్త పటాన్‌చెరులో ఏ గంగలో కలిసింది?

ఖరగ్‌పూర్ ఐఐటీ ప్రొఫెసర్ సుజయ్ గుహ 1970ల నుంచీ ‘రిసగ్’ అనే ఇంజెక్షన్‌తో కుస్తీ పడుతున్నారు. మగవారి వీర్యనాళంలోకి ఒక్కసారి ఎక్కిస్తే చాలు, నాళం కోయనక్కర్లేదు. 303 మంది మీద చేసిన మూడో దశ పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. భేషుగ్గా ఉన్నాయి. మందుల షాపుకు మాత్రం చేరలేదు. కిరాణా సరుకు పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లకు కోట్లు కుమ్మరించే ఈ కోకాపేట ఐటీ కారిడార్‌లో దీనికి పైసా రాల్చే మహారాజు లేడా? ఎందుకుంటాడు? టార్గెట్ పెట్టి ఆడవాళ్లను బల్ల ఎక్కించడం చవక కదా! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 38 మందికి తమ ఆపరేషనే దిక్కు. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 70 మందికి. దేశం మొత్తమ్మీద భర్త చేయించుకున్నది? 0.3 శాతం. మీసాలకేం తక్కువ లేదు.

ఇప్పుడు కొత్త పాట. ఇద్దరికి మించి కంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను ఆంధ్రాలో 2024లో ఎత్తేశారు. ఇంకా కనండి, ఇంకా కనండి అని చంద్రబాబు స్వయంగా చెబుతున్నారు. కనేదెవరో, ఆ తర్వాత బల్ల ఎక్కేదెవరో ఆయన చెప్పక్కర్లేదు.

అన్నట్టు, ముప్పయ్యో అంతస్తు సారూ! రేపు రిసగ్ కోకాపేటకొస్తే మొదటి పేరు మీదే రాయమంటారా? లేక అమ్మనడిగి చెబుతారా?