ఇంజిన్ ఒకరిది, కప్పు ఇంకొకరిది

మీ బండిలో వేరే కంపెనీ ఇంజిన్ బిగించుకుని ఉప్పల్ ఆర్టీఏ ఆఫీసుకు ఓసారి వెళ్లి చూడండి. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు ఒకటి, బండి మీదున్నది ఇంకొకటి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 సరిగ్గా మీలాంటి వాళ్ల కోసమే రాశారు. అనుమతి లేకుండా బండిని మార్చడానికి వీల్లేదంటుంది. అదే పని రేసుల్లో చేస్తే నంబరు అడిగే నాథుడే ఉండడు. ఇద్దరు పెద్దమనుషులు సూట్లు తొడుక్కుని చేతులు కలుపుతారు, ఫ్లాష్‌లు మెరుస్తాయి, మర్నాడు పేపర్లో 'వ్యూహాత్మక భాగస్వామ్యం' అని వస్తుంది.

ఆ భాగస్వామ్యాలన్నీ కట్టగట్టుకుని మన ఊరికి వచ్చింది 2023 ఫిబ్రవరి 11న. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు. కరెంటు కార్లు కాబట్టి ఇంజిన్ అనకూడదట, పవర్‌ట్రెయిన్ అనాలట. మోటారు, ఇన్వర్టరు, గేర్‌బాక్సు కలిపి ఒక మూట అన్నమాట. చట్రం అందరికీ ఒకటే, బ్యాటరీ అందరికీ ఒకటే. కంపెనీ ఇది నాదని రొమ్ము విరుచుకోగలిగింది ఆ వెనకున్న మూట ఒక్కదాని గురించే. దాన్ని కూడా పక్క టీముకు ఇస్తారు. ఆ సీజన్‌లో జాగ్వార్ మూట ఎన్విజన్‌కు, పోర్షేది ఆండ్రెట్టికి, నిస్సాన్‌ది మెక్‌లారెన్‌కు, మన మహీంద్రాది జర్మనీ వాళ్ల అబ్ట్ కుప్రాకు వెళ్లాయి. ఇక మసెరాటీ అని ఇటలీ త్రిశూలం వేసుకుని తిరిగిన కారు లోపల ఉన్నది ఫ్రాన్సు వాళ్ల డీఎస్ సరుకు. రెండింటికీ యజమాని ఒకరే కాబట్టి ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండిపోయింది.

రేసు ఏమైందంటారా? జాగ్వార్ సొంత కార్లు రెండు. మిచ్ ఎవాన్స్ ముందు వరసలో దూసుకుపోతున్నాడు. హెయిర్‌పిన్ మలుపులో వెనక నుంచి వచ్చి గుద్దింది ఎవరనుకున్నారు? సొంత టీములోని శామ్ బర్డ్. ఇద్దరి రేసూ అక్కడితో సరి. అదే జాగ్వార్ మూట పెట్టుకున్న ఎన్విజన్ కారులో నిక్ క్యాసిడీ మాత్రం చక్కగా రెండో స్థానంలో వచ్చి పోడియం ఎక్కాడు. జాగ్వార్ ఇంజనీర్లు ఆ సాయంత్రం చప్పట్లు కొట్టాలో తల కొట్టుకోవాలో తేల్చుకోలేకపోయి ఉంటారు.

ఒక్క రోజు ముచ్చటే అనుకుంటే పొరపాటు. సీజన్ ముగిసేసరికి టీముల టైటిల్ ఎన్విజన్‌ది, జాగ్వార్‌ది రెండో స్థానం. డ్రైవర్ల టైటిల్ జేక్ డెన్నిస్‌ది, అంటే పోర్షే మూట తీసుకున్న ఆండ్రెట్టిది. రెండు టైటిళ్లూ పుచ్చుకున్నవాళ్ల ఇంటికే పోయాయి. ఇచ్చినవాళ్లకు దక్కింది 'మా టెక్నాలజీ గెలిచింది' అనే పత్రికా ప్రకటన. ఫార్ములా వన్‌లోనూ ఇదే తంతు: 2024లో మెర్సిడెస్ ఇంజిన్‌తో మెక్‌లారెన్ చాంపియన్, మెర్సిడెస్‌కు నాలుగో స్థానం.

మరి పుచ్చుకున్నవాడికి అన్నీ లాభాలేనా అంటే, కాదు. హైదరాబాద్ తర్వాత రెండు వారాలకు కేప్‌టౌన్‌లో మహీంద్రా వెనక సస్పెన్షన్ మీద అనుమానం వచ్చింది. మహీంద్రా కార్లు పక్కన పెట్టారు. అదే సరుకు వాడుతున్న అబ్ట్ కార్లూ పెట్టక తప్పలేదు. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు చేసే కంపెనీ కేప్‌టౌన్‌లో జర్మన్లను రేసు మాన్పించగలదని ఎవరైనా ముందే చెబితే నమ్మేవాళ్లమా!

ఈ విషయమంతా నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో తెలిసిన ఇంజిన్ మేస్త్రి ఒకాయనకు చెప్పాను. షెడ్డులో నేలంతా నూనె, ఇనుప రజను. గోడవారగా బోరుకొచ్చిన ఆటో బ్లాకులు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతిదాని మీదా సుద్దముక్కతో పార్టీ పేరు, కింద 'యాభై సైజు' అనో 'ఫుల్ పని' అనో రాసి ఉంది. ఆయన చేతిలో పిస్టన్ రింగు తిప్పుతూ అంతా విన్నాడు.

"ఇంజన్ నాదే ఇచ్చి, నాకంటే ముందు పోనిస్తరా సారూ? పైసలు ముందే తీస్కుంటరా, రేసైనంక తీస్కుంటరా?"

ముందే, ఒప్పందం ప్రకారం అన్నాను.

"అట్లయితే వాళ్లు ఓడినట్టెట్లయితది? నేను చేసిన బండి ఘట్‌కేసర్ రోడ్డు మీద నన్నే కట్ కొట్టి పోతది. నేనేమన్న ఏడుస్తున్ననా?"

నేను రాయాలనుకున్న కాలమ్‌లో సగం అక్కడే కొట్టుకుపోయింది. అయినా మేస్త్రి సుద్దరాతలో ఒక నిజాయితీ ఉంది. ఇంజిన్ ఎవరిదో వాళ్ల పేరే దాని మీద ఉంటుంది. ఫార్ములా వన్‌లో 2016 నుంచి మూడు సీజన్లు రెడ్‌బుల్ కార్లు రెనో ఇంజిన్‌తో పరుగెత్తాయి. దాని మీద రాసుకున్న పేరు ట్యాగ్ హోయర్. అది చేతి గడియారాల కంపెనీ! గడియారాలవాళ్ల పేరు ఇంజిన్‌కు పెట్టొచ్చని ముందే తెలిస్తే మన హెచ్‌ఎంటీ ఊరుకునేదా? నాచారంలో దాని పేరుతో ఏకంగా ఒక నగరే ఉంది.

2026లో ఇంకో వింత. అమెరికా దిగ్గజం జనరల్ మోటార్స్ తన క్యాడిలాక్ పేరుతో ఫార్ములా వన్‌లోకి ఫెరారీ ఇంజిన్ పెట్టుకుని దిగుతోంది. సొంతది తర్వాత వస్తుందట. ఫార్ములా వన్‌లో ఏళ్ల తరబడి ఇంజిన్లు చేసిన రెనో ఏమో ఆ పనికి స్వస్తి చెప్పి, తన ఆల్పైన్ టీముకు మెర్సిడెస్ దగ్గర తెచ్చుకుంటోంది. వంట మానేసి పక్కింటి క్యారియర్ తెప్పించుకోవడమే, కాకపోతే ఆ క్యారియర్‌కు కోట్లు.

మన దగ్గర సరఫరాదారు పాత్ర నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏది. ఉప్పల్ భగాయత్‌లో ప్లాట్లు వేలం వేసిన హెచ్‌ఎండీఏయే ఫార్ములా ఈ రెండో ఏడాది రేసు కోసం దాదాపు 55 కోట్లు కట్టింది. ఆ రూపాయీ ఈ రూపాయీ ఒకటేనని నేననను, నోటు మీద ఊరి పేరుండదు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రేసు జనవరిలోనే రద్దయింది. ఆ చెల్లింపు విషయంలో అదే ఏడాది డిసెంబరులో మాజీ మంత్రి కేటీఆర్ మీద ఏసీబీ కేసు పెట్టింది. తప్పేమీ లేదని ఆయన అంటున్నారు, తేల్చడానికి కోర్టులున్నాయి. సరఫరా చేసినవాడికే తలనొప్పి అనే సూత్రం మాత్రం ఇక్కడా తప్పలేదు.

రేసు మళ్లీ తెస్తామని ఏ ప్రభుత్వమైనా అంటే నాదొక మనవి. నెక్లెస్ రోడ్డు వద్దు, ఉప్పల్ రింగ్‌రోడ్డు నుంచి నారపల్లి దాకా పెట్టండి. 2018లో ఎలివేటెడ్ కారిడార్ పని మొదలైన దగ్గర్నుంచి ఆ ఆరు కిలోమీటర్లూ ఏళ్ల తరబడి మాకు రేసు ట్రాక్ కన్నా ఎక్కువ మలుపులు చూపించాయి. పిల్లర్ల మధ్య ఎదురొచ్చే సెవెన్ సీటర్ ఆటోను తప్పించినవాడికి హెయిర్‌పిన్ ఒక లెక్కా? ఇంకో సౌకర్యమూ ఉంది. అప్పట్లో ఇక్కడ తిరిగిన జెన్3 కార్లు రేసులో వాడే కరెంటులో కనీసం 40 శాతం బ్రేకు వేసినప్పుడే తిరిగి తయారు చేసుకుంటాయని చెప్పారు. బ్రేకు మీంచి కాలు తీసే పనే లేని మా రోడ్డు మీద అది నూరు దాటడం ఖాయం. బోడుప్పల్ దాటేసరికి బ్యాటరీ నిండి పొర్లుతుంది. ఆ మిగులు కరెంటు మోటారు ఇచ్చిన కంపెనీదా, కారు నడిపిన టీముదా, గుంతలు సరఫరా చేసిన మాదా అన్నది మాత్రం ఈసారి ఒప్పందంలో ముందే రాసుకోండి.