నాలుగు నోడ్లూ ఒకటే

ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకునేవాణ్ని నేను. టెస్టర్ని. అందుకేనేమో, నా బుర్ర తక్కువతనం గురించి చెప్పుకోవడానికి ఇన్నాళ్లూ నోరు రాలేదు.

హైదరాబాద్‌లో చిన్న కంపెనీ. బిట్‌కాయిన్ కోడ్ తీసుకుని, అక్కడక్కడా మార్చి, సొంత నాణెం నడుపుతోంది. ఇంటర్వ్యూలో ఎవరూ అడక్కుండానే 2013 మార్చి కథ ఎత్తుకున్నాను. అప్పుడు బిట్‌కాయిన్ 0.8 వెర్షన్ కొత్తగా వచ్చింది. పాత వెర్షన్లు బర్క్‌లీ డీబీ వాడేవి, ఇది లెవెల్‌డీబీకి మారింది. 225430వ బ్లాకు అంతకుముందెన్నడూ చూడనన్ని ఇన్‌పుట్లతో వచ్చింది. 0.8 నడుపుతున్న కంప్యూటర్లు, అంటే నోడ్లు, దాన్ని మామూలుగానే తీసుకున్నాయి. పాత నోడ్లలో చాలావాటికి మాత్రం బర్క్‌లీ డీబీ లాకుల పరిమితి దాటిపోయింది. బ్లాకు చెల్లదు పొమ్మన్నాయి. అలాంటి పరిమితి ఒకటి రూలులా కూర్చుని ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. బ్లాకుల గొలుసు రెండుగా చీలింది. పెద్ద మైనింగ్ పూల్స్ 0.7కి వెనక్కి వెళితే గానీ గొడవ సద్దుమణగలేదు. గావిన్ ఆండ్రీసెన్ రాసిన బిఐపి 50 అనే పత్రంలో ఇదంతా ఉంది. నేను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఉద్యోగం వచ్చింది.

బిట్‌కాయిన్ కోర్‌తో పాటే పైథాన్‌లో రాసిన ఫంక్షనల్ టెస్టులు వస్తాయి. అవి నడిచేది రెగ్‌టెస్ట్ అనే మోడ్‌లో. అసలు నెట్‌వర్క్‌లో సగటున పది నిమిషాలకో బ్లాకు. ఇక్కడ కమాండ్ కొట్టగానే బ్లాకు. మైనింగ్‌లో వచ్చిన నాణేలు పైన ఇంకో 100 బ్లాకులు పడేదాకా ఖర్చుకు పనికిరావు కాబట్టి, ప్రతి టెస్టూ ముందు 101 బ్లాకులు మైన్ చేసి మొదలుపెట్టేవాణ్ని. 50 నాణేలు చేతికొచ్చేవి. ఉత్తుత్తివే. అయినా చూడ్డానికి బావుండేవి.

నా అభిమాన టెస్టు నెట్‌వర్క్‌ని చీల్చి కలపడం. నాలుగు నోడ్లు, అటు రెండు, ఇటు రెండు. ఒక పక్క 10 బ్లాకులు, రెండో పక్క 12. మళ్లీ కలిపితే అందరూ ఎక్కువ పని జరిగిన గొలుసుకే రావాలి. వచ్చేవారు. అప్పుడప్పుడూ రాకపోతే, మధ్యలో స్లీప్ ఇంకో ఐదు సెకన్లు పెంచేవాణ్ని. నోడ్లు ఒక్కచోటికి వచ్చేదాకా ఆగే ఫంక్షన్ ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉంది. అది చదివే ఓపిక లేదు, సెకన్లు పెంచే ఓపిక మాత్రం బోలెడుంది. గ్రీన్ వచ్చిందా, పాసైనట్టే.

ఇంతకీ ఆ నాలుగు నోడ్లూ ఒకే లాప్‌టాప్‌లో, ఒకే బైనరీ నుంచి లేచినవి. గడియారాలు కూడా నేనే సెట్‌మాక్‌టైమ్‌తో కలిపి పెట్టేవాణ్ని. అద్దం ముందు నిలబడి చెయ్యెత్తి, ఏకగ్రీవంగా గెలిచానని సంబరపడ్డట్టుంది నా వ్యవహారం.

టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు అడిగింది. "అన్నా, ఇందులో పాత వెర్షన్ నోడ్ ఒకటి పెడదామా?"

"పాతది మనమెందుకమ్మా టెస్ట్ చేయడం? అది ఎప్పుడో చేశాంగా," అన్నాను. పైగా పక్కవాళ్లకు వినబడేలా.

అప్పుడు తెస్తున్న విడుదలలో మేము సంతకాల తనిఖీలను లెక్కపెట్టే పద్ధతి మార్చాం. కొత్త లెక్కలో తక్కువ తేలుతాయి. అంటే పరిమితిలోనే ఉందని కొత్త నోడ్ ఒప్పుకున్న బ్లాకుని పాత నోడ్ ఒప్పుకోకపోవచ్చు. ఇది నాకు తెలుసు. చేంజ్‌లాగ్‌లో ఆ వాక్యం చదివి, అక్షరదోషం కూడా దిద్దాను.

కంపెనీ లోపలి టెస్ట్ నెట్‌వర్క్‌లో ఒక మెషీన్ అప్‌డేట్ కాలేదు. సంతకాలు దండిగా ఉన్న బ్లాకు ఒకటి రాగానే అది అక్కడే ఆగిపోయింది. రీస్టార్ట్ చేయమన్నాను. ఆగింది. డేటా మొత్తం తుడిచి మొదటి నుంచి సింక్ చేయమన్నాను. రాత్రంతా సింక్ అయి, సరిగ్గా అదే బ్లాకు దగ్గర ఆగింది. డిస్క్ పోయినట్టుంది, మార్చండి అన్నాను. డిస్కులు అలా ఒకే బ్లాకు నంబరు చూసుకుని చెడిపోవని ఆపరేషన్స్ ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. ఆ అమ్మాయే లాగ్ తెరిచి చూపించింది: బ్యాడ్-బ్లాక్-సిగాప్స్. సిగాప్స్ అంటే ఆ సంతకాల తనిఖీలే. కారణం అందులోనే రాసి ఉంది, ఆగిన ప్రతిసారీ.

లాగ్ చూశాక నాకు మొదట గుర్తొచ్చింది ఇంటర్వ్యూ.

మనలాంటి వాళ్లు వేరేచోట్లా ఉన్నారనుకోవడం ఒక ఊరట. 2020 ఆగస్టులో ఇథీరియం వాళ్ల మెడాల్లా టెస్ట్‌నెట్‌లో ప్రిజం అనే క్లయింట్ ఆరు సర్వర్ల దగ్గర టైమ్ అడిగి సగటు తీసుకునేది. ఒక సర్వర్ 24 గంటలు ముందుకు చెప్పింది. ప్రిజం నోడ్ల గడియారాలు నాలుగు గంటలు ముందుకు దూకాయి. ఎక్కువమంది వాడుతున్నది ప్రిజమే కావడంతో నెట్‌వర్క్ మొత్తం తిప్పలు పడింది. కాకపోతే వాళ్లకు అది బయటపడింది టెస్ట్‌నెట్ పెట్టి అందరినీ రానిచ్చినందువల్ల. నేను రానివ్వలేదు. తేడా అది.

ఇప్పుడు మా టెస్టుల్లో పాత విడుదలల నోడ్లు కూడా లేస్తాయి. ఆ స్క్రిప్ట్ రాసింది ఆ అమ్మాయే. స్లీపులన్నీ నేనే తీసేశాను, రెండు మిగిలాయి. మీ ఆఫీసులో ఎవరైనా సర్వర్‌లో జాగా చాలట్లేదని పాత బైనరీలు చెరిపేయబోతే, దయచేసి ఆపండి.