నీళ్ల బాబాయి

పొద్దున్నే వినుకొండ శివయ్య స్తూపం సెంటర్లో టీ తాగుతుంటే, అడక్కపోయినా మన కిడ్నీల సంగతి తేల్చేసే పెద్దమనిషి ఒకాయన తగులుతాడు. ఏ ఊళ్లోనైనా ఉంటాడు గానీ, మా ఎండలకి ఇక్కడ గిరాకీ ఎక్కువ. చంకలో రెండు లీటర్ల సీసా. "బాగున్నావా" అనడు, "ఒంటేలు ఏ రంగులో వస్తోందిరా?" అంటాడు.

"కిడ్నీ అంటే ఏందనుకున్నావ్? సైడుకాలవ! రోజుకి ఆరు లీటర్లు పోసి కడగాల" అన్నది ఆయన సిద్ధాంతం. రాళ్లున్నవాళ్లని నీళ్లు ఎక్కువ తాగమనడం న్యాయమే. ఈయన ఆ చీటీ ఊరందరికీ రాసిచ్చేశాడు. పాపం, ఆ రెండు కిడ్నీలూ రోజుకి సుమారు 180 లీటర్లు వడగట్టి, ఏ లీటరున్నరో బయటికి వదిలి, మిగతాదంతా మళ్లీ రక్తంలోకే పంపుతుంటాయి. ఒంట్లో నీళ్లు తగ్గితే మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి వాసోప్రెసిన్ హార్మోను వదులుతుంది. కిడ్నీలు నీళ్లు దాచుకుంటాయి, రంగు ముదురుతుంది. నీళ్లు ఎక్కువైతే ఆ హార్మోను తగ్గి, అదనమంతా బయటికి పోతుంది. అందుకే బాబాయి అరగంటకోసారి ఆటోల వెనక్కి పరిగెత్తి, "చూశావా, విషాలన్నీ పోతన్నాయ్!" అంటూ వస్తాడు. పోయేది ఆయన తాగిన నీళ్లే.

మిరపకోతలప్పుడు చేలల్లోకీ వెళ్తాడు. "ఉప్పు ముట్టబాకండి, ఉత్త నీళ్లే తాగండి!" చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాకుండా ఉత్త నీళ్లే అతిగా పోస్తే, రక్తంలో సోడియం పలచబడి తల తిరుగుతుంది, ముదిరితే ఫిట్స్ కూడా వస్తాయి. కూలీ ముఠా నడిపే ఆవిడ ఉప్పేసిన మజ్జిగ చెంబు దించకుండానే, "అట్టాగే బాబాయ్, ముందు మీరొక సాలు కోసి చూపియ్యండి" అంది. ఆయనకి వెంటనే ఊళ్లో పని గుర్తొచ్చింది.

మొన్న డయాలసిస్ మీదున్న వియ్యంకుణ్ణి చూడ్డానికి నాలుగు కొబ్బరిబోండాలు పట్టుకెళ్లాడు. వియ్యపురాలు చేతులు జోడించింది. "వద్దు అన్నయ్యగారూ. బోండాంలో పొటాషియం ఎక్కువంట. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండెకే ముప్పంట. నీళ్లు కూడా కొలిచే ఇమ్మన్నారు."

బాబాయి కాసేపు ఆలోచించి, "మరి దండగ చెయ్యడం ఎందుకమ్మా?" అని తనే మొదలెట్టాడు. నాలుగోది అయ్యేసరికి, ఆయన సలహా కోసం ఏనాడూ ఆగని ఆయన కిడ్నీలు పని కానిచ్చేశాయి.

"బాత్‌రూం ఎటమ్మా?" అన్నాడు.