పీతలరాయుడు

అమెరికా తూర్పు తీరాన మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాల్లోకి సుమారు 200 మైళ్ళ మేర చొచ్చుకొచ్చిన చెసపీక్ అఖాతం సగటు లోతు 21 అడుగులే. ఒడ్డు వెంబడి, ఏళ్ళ మొగల్లో చాలాచోట్ల నీళ్ళు మొలలోతు కూడా ఉండవు. నీలిపీతలు మేసేది అక్కడే. సెలవు దొరికితే పీతలరాయుడు తేలేదీ అక్కడే. వారమంతా ఆఫీసు కుర్చీలో నడుం పట్టేసిన ఈ మనిషి, శనివారం వేకువనే లేచి, అంతకంటే ఇరుకైన కాయక్ పడవలో కూర్చోవడానికి కారెక్కుతాడు.

పీతలే జీవనాధారమైన అక్కడి జాలర్లు సరదాకు పీతలు పట్టే ఇటువంటివారిని ‘చికెన్ నెక్కర్’ అంటారు. ఎరగా కోడిమెడ కట్టడం వల్ల వచ్చిన పేరది. అందులో గౌరవం పాలు తక్కువ. పీతలరాయుడు మాత్రం దాన్ని బిరుదుగా స్వీకరించి టీషర్టు మీద అచ్చు వేయించుకుంటాడు.

ఈ వేటకు కావలసినవి దారం, కోడిమెడ, చిన్న బరువు, పొడుగు కాడ ఉన్న చేతివల. పీతలరాయుడి సరంజామా అక్కడితో ఆగదు. లైఫ్ జాకెట్, నీటి మెరుపును తగ్గించే కళ్ళజోడు, పట్టకారు, కొలబద్ద, బుట్ట వరసగా పడవెక్కుతాయి. తెడ్డు నిలబెడితే నేల తగిలే చోట లోతెంతో చెప్పే యంత్రం కూడా ఎక్కుతుంది. చివరికి మిగిలిన చోటులో మనిషి ఎక్కుతాడు.

పీత ఎర పట్టగానే దారం బిగుసుకుంటుంది. అప్పుడు దాన్ని నిదానంగా పైకి లాగాలి. తిండి మీది యావతో పీత కోడిమెడను వదలకుండా పైదాకా వస్తుంది. తీరా పైకొచ్చాక మనిషి నీడ కదిలితే వదిలేసి మాయమవుతుంది. అంతలోపే చేతివల అడుగునుంచి వేసి ఎత్తాలి. కాయక్‌లో ఈ పనికి మూడు చేతులు కావాలి: దారానికి ఒకటి, వలకు ఒకటి, గాలికి కొట్టుకుపోయే పడవను ఆపే తెడ్డుకు ఒకటి. పీతకు పది కాళ్ళు, వాటిలో చివరి జత పుట్టుకతోనే తెడ్లు. పీతలరాయుడికి ఉన్న ఒక్క తెడ్డు అప్పటికే నాలుగు గజాల అవతల తేలుతూ ఉంటుంది.

అసలు కష్టాలు పీత పడవలో పడ్డాక మొదలవుతాయి. ఒడ్డున అయితే మనిషి వెనక్కి గెంతవచ్చు. కాయక్‌లో చాచిన కాళ్ళే పీత తిరిగే వీధి. పీతను వెనకనుంచి, ఈతకాలి మొదట్లో పట్టుకోవాలని పీతలరాయుడికి బాగా తెలుసు, ఎవరికైనా వివరించి చెప్పగలడు కూడా. పీత మాత్రం ఎటు తిరిగినా డెక్కలనే అతనికి చూపిస్తుంది. ఒక కాలు ఎత్తితే పడవ ఒరుగుతుంది, రెండో కాలు ఎత్తితే బోల్తా పడుతుంది. మొలలోతు నీళ్ళు గనక ప్రాణభయం లేదు; బుట్టలోని పీతలకు విముక్తి, అంతే. 1608లో కెప్టెన్ జాన్ స్మిత్ ఈ అఖాతంలోనే కత్తితో చేపలు పొడుస్తూ టేకుచేప ముల్లు గుచ్చుకుని చావుదాకా వెళ్ళాడు. సాయంత్రానికి తేరుకుని ఆ చేపనే తిన్నాడంటారు. ఆ చోటిని ఇప్పటికీ స్టింగ్‌రే పాయింట్ అంటారు. బట్టలు పిండుకుంటూ పీతలరాయుడు చెప్పే చరిత్ర ఇదే.

దక్కిన పీతలకు ఇక చట్టం అడ్డొస్తుంది. మేరీలాండ్‌లో గట్టిపెంకు మగపీత ఈ కొనముల్లు నుంచి ఆ కొనముల్లుకు 5 అంగుళాలు, జులై 15 నుంచి 5¼ అంగుళాలు ఉండాలి. సరదాకు పట్టేవారు గట్టిపెంకు ఆడపీతను ఉంచుకోకూడదు. పొట్ట కింది మూత వాషింగ్టన్ స్తంభంలా సన్నగా ఉంటే మగది, క్యాపిటల్ గుమ్మటంలా వెడల్పుగా ఉంటే ఎదిగిన ఆడది. పీతలరాయుడు చట్టానికి కట్టుబడినవాడు. పావు అంగుళం తగ్గినా తిరిగి నీళ్ళలో వేస్తాడు. తప్పించుకున్నవాటిని కొలవడానికి మాత్రం అతని కొలబద్ద చాలదు.

బతికున్న పీతనే వండాలి గనక ఆ సాయంత్రమే పొయ్యి వెలుగుతుంది. జర్మనీ నుంచి శరణార్థిగా వచ్చిన గుస్తావ్ బ్రన్ 1939లో బాల్టిమోర్‌లో తయారుచేసిన ఓల్డ్ బే మసాలా చల్లి ఆవిరిమీద ఉడికించడం స్థానికుల పద్ధతి. అక్కడ స్థిరపడిన తెలుగు పీతలరాయుడి ఇంట్లో చింతపండు పులుసు కాగుతూ ఉంటుంది. ఎలా వండినా గంటసేపు డిప్పలు పగలగొడితే దొరికే మాంసం గుప్పెడే. సరదావేటలో పట్టినవి అమ్మడానికి చట్టం ఒప్పదు, ఒప్పినా అతని దగ్గర సరుకుండదు. చుట్టాలు భోజనానికొచ్చే రోజైతే తిరుగుదారిలో బజారులో డజను పీతలు కొని బుట్టలో కలిపేస్తాడు. నీలిపీత పెంకులో ప్రొటీన్‌తో ముడిపడి దాగిన ఎర్రరంగు వేడికి విడివడి బయటపడుతుంది. ఉడికాక పట్టినదేదో, కొన్నదేదో చెప్పడం ఎవరి తరమూ కాదు.