రెక్కలున్నాయిగా!

రోడ్డు కోసం కొట్టెయ్యబోయే చెట్లమీది చిలకల సంగతేమిటని అడిగితే, "రెక్కలున్నాయిగా, ఇంకోటి చూసుకుంటాయి" అన్న సారుకి నమస్కారం. ఆ మాట నమ్మి మా వీధి రామచిలక సోమవారం పొద్దున్నే సచివాలయానికి వెళ్లింది, ఇంటి స్థలానికి.

"ఏం చేస్తుంటావు?"

"రాష్ట్ర పక్షినండీ. 2018లో పాలపిట్టను తీసి నన్ను వేశారు."

"ప్రభుత్వోద్యోగివా? అయితే అర్హత లేదు."

జీతం లేదు, జీవో ఒక్కటే ఉందని చిలక బతిమాలింది. సరేనని ఫారం తీశారు. ప్రస్తుత నివాసం: ఎండు చింతచెట్టు, పైనుంచి రెండో తొర్ర. కట్టింది ఎవరు? వడ్రంగిపిట్ట. మరి నువ్వెందుకున్నావు? "అది వదిలేసి పోయిందండీ. గుమ్మం కాస్త వెడల్పు చేసుకున్నా." ఆక్రమణ అని రాసుకున్నారు.

మెడలో నలుపూ గులాబీ కంటె చూసి మగ అని తేల్చారు. పట్టా ఆడవాళ్ల పేరుమీదే ఇస్తాం, ఇంటావిణ్ణి తీసుకురమ్మన్నారు. ఆవిడ గుడ్లమీద ఉందండీ, 3 వారాలు కదలదు, తిండి కూడా నేనే తీసుకెళ్లి పెడుతున్నానంది చిలక. పోనీ నువ్వు వేలిముద్ర వెయ్యమన్నారు. ముందుకి రెండు వేళ్లు, వెనక్కి రెండు. మిషన్ ఒప్పుకోలేదు.

బయట టీకొట్టు దగ్గర ఒకాయన కాచుకుని ఉన్నాడు. "స్థలం దేనికి? రెడీమేడ్ ఇల్లుంది. ఇనుపది. నాలుగు వైపులా గాలి, పూటకో జామకాయ, పచ్చిమిర్చి. రెక్కలు మాత్రం కాస్త కత్తిరిస్తాం."

గురువారం చింతచెట్టు పడింది.

సారూ, రెక్కలున్నాయా? తొర్రలో ఉన్న గుడ్డుకి ఎక్కడున్నాయి రెక్కలు? కళ్లు తెరవని పిల్లకి ఎక్కడున్నాయి? గుడ్డు పగిలాక దాదాపు 7 వారాలకి గానీ పిల్ల గూడు దాటి ఎగరదు. ఈలోగా చెట్టుకి మీ గొడ్డలి, పిల్లకి ఆ ఇనుప ఇంటివాడి సంచి. చిలకని పట్టినా, అమ్మినా, కొని పంజరంలో పెట్టుకున్నా నేరమే. 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని చట్టంలో ఉంది. బజారులో మాత్రం జత ఎంతకిస్తావని పట్టపగలే బేరాలు. రాష్ట్ర పక్షిని జతల లెక్కన అమ్ముతుంటే ఆపడం చేతకాని మనం, దాని రెక్కల గురించి మాట్లాడుతున్నాం!

నిన్న వెళ్లి చూశాను. మొద్దు మిగిలింది. ఆడచిలక ఆ తొర్ర ఉండాల్సిన ఎత్తులో, ఏమీ లేని గాలి చుట్టూ అరుస్తూ తిరుగుతోంది.