మబ్బు కమ్మితే నన్ను వదిలి వెళ్లండి

నేను లేజర్ రకం తెరచాప పడవను. బ్రూస్ కిర్బీ అనే కెనడా డిజైనర్ 1969లో గీసిన నమూనా నుంచి వచ్చిన జాతి మాది. 2019 నుంచి పోటీల్లో మమ్మల్ని ఐఎల్‌సీఏ అంటున్నారు గానీ, హుస్సేన్ సాగర్‌లో నన్ను నడిపే పిల్లలకు నేనింకా లేజర్‌నే. పొడవు 4.2 మీటర్లు, ఒళ్లంతా ఫైబర్, బరువు 59 కిలోలు. ఎక్కేది ఒక్కరే, నడిపేది ఒక్కరే. ఆ ఒక్కరి ప్రాణం గురించే నా మాటలన్నీ.

తెరచాపను నిలబెట్టే నా మాస్ట్ అల్యూమినియం గొట్టం, అయిదు మీటర్లకు పైగా ఎత్తు. దాన్ని పట్టి ఉంచే తీగలేమీ ఉండవు. డెక్‌లోని గుంటలో దిగి నిలబడుతుంది. చెరువు నడుమకు వెళ్తే నా చుట్టుపక్కల దానికంటే ఎత్తైనది మరొకటి ఉండదు. పిడుగు దాని మీద పడితే నీళ్లలోకి దిగే దారి లేదు. అడుగున ఫైబరే, నీళ్లలోకి దించే పలక డాగర్‌బోర్డూ లోహం కాదు. అప్పుడు ఆ కరెంటు మాస్ట్ మొదలు నుంచి దూకుతుంది: ఫైబర్‌ను చీల్చుకునో, తడి తాడు మీదుగానో, పక్కన కూర్చున్న పిల్ల ఒంట్లోంచో. సముద్రపు నీటిలా చెరువు నీళ్లు కరెంటును తేలిగ్గా పోనివ్వవు కాబట్టి ఇక్కడ ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

పెద్ద ఓడలకు ఉపాయం ఎప్పుడో దొరికింది. విలియం స్నో హారిస్ అనే ఆయన మాస్టుల పొడవునా రాగి పట్టీలు తాపి నీటిదాకా దించాడు; 1831లో డార్విన్ ఎక్కి బయలుదేరిన బీగిల్ ఓడకు అవి ఉన్నాయి. నాకూ రాగి తీగ కట్టవచ్చు. కానీ నన్ను నడిపే మనిషి మాస్ట్‌కు ఎంతో దూరంలో కూర్చోదు, బూమ్ అనే మరో అల్యూమినియం గొట్టం ఆమె తల మీదుగానే అటూ ఇటూ తిరుగుతుంది. ఆమెను నేను కాపాడలేను. ఒడ్డే కాపాడాలి.

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో మధ్యాహ్నం దాకా ఎండ మండిపోయి, సాయంత్రానికి మబ్బులు కొండల్లా లేస్తాయి. ఒక్కోసారి గాలివానకు ముందు గాలి పూర్తిగా పడిపోతుంది. తెరచాప వేలాడుతుంది, నేను కదలలేను. ఆ వెంటనే ఈదురుగాలి వచ్చి బోల్తా కొట్టిస్తుంది. అందుకే మబ్బు చూసినప్పుడే తిరగాలి. ఉరుము చెవిన పడిందంటే అప్పటికే పిడుగు అందేంత దగ్గర్లో ఉన్నట్టు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లంటే ఒక కిలోమీటరు. ముప్పై సెకన్లున్నా దూరమేమీ కాదు, మబ్బును దాటి పది కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడగలదు.

"సార్, ఇంకొక్క రౌండ్ కొట్టొస్తా" అని నా పిల్ల ఒకనాడు బతిమాలింది. "వద్దమ్మా, ముందు ఒడ్డుకు పద" అన్నాడు కోచ్. పోటీల్లోనైతే నీలం, తెలుపు గళ్ల జెండా ఎత్తి మూడు హారన్లు కొడతారు: రేస్ రద్దు. ఆ హారన్లంత మంచి చప్పుడు నేను వినలేదు. చెరువులోని బుద్ధుడి విగ్రహం 18 మీటర్లుంది కదా, పిడుగు దాని మీదే పడుతుందిలే అని పిల్లలు ధైర్యం చెప్పుకుంటారు. ఆ ఎత్తు కాపాడేది విగ్రహం చుట్టూ కాస్త మేరనే. మేం తిరిగేది వందల మీటర్ల అవతల.

తప్పించుకోలేక చిక్కుకుంటే మాస్ట్‌కు వీలైనంత ఎడంగా, వంగి కూర్చోండి. లోహాన్ని, తడి తాళ్లను ముట్టకండి, చేతులు నీళ్లలో పెట్టకండి, నీళ్లలోకి దూకకండి.

ఒడ్డుకు చేరాక జరిగే పొరపాటే నన్ను ఎక్కువ భయపెడుతుంది. నా తెరచాప మాస్ట్‌కు గొట్టంలా తొడిగి ఉంటుంది. విప్పాలంటే మాస్ట్‌ను నిటారుగా పైకెత్తి గుంటలోంచి తీయాలి. ఉరుముతుంటే లోహపు గొట్టాన్ని తల మీదికెత్తి నిలబడ్డట్టే! నన్ను ర్యాంప్ మీద అలాగే పడేయండి. తెరచాప చిరిగితే కొత్తది వస్తుంది. చెట్టు కిందికి, మిగతా మాస్టుల వరసలోకి వెళ్లకండి; పక్కా భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లండి. ఉరిమినప్పుడు చదవమని అమ్మమ్మ నేర్పిన అర్జునుడి పేర్లు అక్కడ కూర్చుని తలచుకోండి.

ఎవరికైనా పిడుగు తగిలితే ముట్టుకోడానికి జంకకండి, వాళ్ల ఒంట్లో కరెంటు మిగలదు. ఊపిరి, నాడి లేకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టి 108కి ఫోన్ చేయించండి.

వాన తగ్గగానే నా దగ్గరికి పరుగెత్తుకు రావద్దు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. మధ్యలో మరొకటి వినిపిస్తే అరగంట మళ్లీ మొదటి నుంచి.